ఎడమ పక్కకు జరిగిన ట్రే

కోవూరు నుంచి వచ్చిన సాయిలక్ష్మి ఆ గ్లూకోజు నీళ్లు గుక్క గుక్కగా తాగి, ఆఖరి గుక్కకు కళ్లు గట్టిగా మూసుకుని, గ్లాసు పక్కన పెట్టి "ఇంత తీపి మా పెళ్లిలో కూడా తిన్లేదమ్మా" అన్నప్పుడు రక్తం తీసే గదిలో అందరూ నవ్వారు, అబిగయీలు తప్ప. ఆ పిల్ల గోడ గడియారం వైపు చూస్తోంది. ఇక్కడి నుంచి గంట. గంట కాగానే ఆవిడ చేతి నుంచి మళ్లీ రక్తం తియ్యాలి, ఇంకో గంటకు మరోసారి తియ్యాలి. కడుపుతో ఉన్నవాళ్లకు షుగరు ఉందో లేదో తేల్చే పరీక్ష అది. సమయానికి రక్తం అందకపోతే పరీక్ష మొత్తం వృథా, ఇంకో రోజు పరగడుపున రావాలి, మళ్లీ ఆ తీపి మింగాలి. ఇదంతా అబిగయీలుకు కంఠతా వచ్చు, ల్యాబు టెక్నీషియన్ కోర్సులో మార్కులకు ఎప్పుడూ కొరత లేదు. రానిదల్లా ఒక్కటే. పొద్దున ఆవిడ కుడి మోచేతి మడతలో రెండుసార్లు సూది దించింది, రెండుసార్లూ చుక్క రాలేదు. ఒకే మనిషి రెండుసార్లు తప్పితే మూడోది ఇంకొకరు తియ్యాలన్నది ఈ ఆసుపత్రి ల్యాబు కట్టుబాటు. సీనియర్ టెక్నీషియన్ సుశీల్ కుమార్ సారు వచ్చి, ఆవిడ ఎడమ చెయ్యి అందుకుని, ఊరు పేరు అడుగుతూనే తీసేశాడు. తీసి, ట్యూబు మీద పేరు అంటించి, అబిగయీలు వైపు తిరక్కుండానే "గంటకి నువ్వే తియ్యాల. అదీ తప్పితే రేపట్నుంచి ఈ గదిలోకి రాబాకు, లోపల మిషన్ల కాడ కూర్చో" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, ఆయన కోపం మధ్యాహ్నం టీ దాకా కూడా నిలవదు. మామూలుగా చెప్పాడు, అంటే అన్నంత పనీ చేస్తాడు.

ఎందుకు తప్పింది? నరం దొరక్క మాత్రం కాదు, అదే విడ్డూరం. నరం దొరకబుచ్చుకోవడంలో ఈ బ్యాచిలో అబిగయీలును మించినవాళ్లు లేరు. లావుపాటి చేతులు, ఎండిపోయిన ముసలి చేతులు, జ్వరానికి ముడుచుకుపోయిన చేతులు, ఏవైనా సరే, గ్లోవు తొడిగిన ఎడమ చూపుడువేలు పెట్టి కాసేపు ఊరుకుంటే చాలు, లోపల మెత్తగా, నొక్కితే అణిగి వదిలితే మళ్లీ లేచేది వేలికి తగులుతుంది. "అబీ, ఒకసారి రావా, ఈయనకి నరం చూపించు" అని తోటి పిల్లలు పిలిచేవాళ్లు. ఆమె చూపించేది, వాళ్లు గుచ్చేవాళ్లు, రక్తం వచ్చేది. తను గుచ్చితేనే రాదు. దారి తెలిసింది ఎడమ వేలికి, సూది ఉన్నది కుడి చేతిలో. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఇంటి గుర్తులు చెప్పి పంపినట్టు, సగం దూరం బాగానే వెళ్తుంది ఆ చెయ్యి, ఆ తర్వాత పక్క సందులోకి తిరుగుతుంది. పొద్దునా అంతే. వేలి కింద నరం ఉంది, ఉన్నదని అబిగయీలు ఎవరి ముందైనా చెప్పగలదు, సూది దిగింది, నరం పక్కకు జారిపోయింది. సాయిలక్ష్మి పళ్ల బిగువున ఓర్చుకుంది. ఓర్చుకోనిది వాళ్లత్త. "ఏం మే, నేర్చుకునేదానికి మా కోడలి చెయ్యే దొరికిందా నీకు?" అంది, అక్కడున్న పదిమందీ వినేట్టు. ఎవరో ఒకరి చెయ్యి దొరక్కపోతే నేర్చుకునేది ఎట్టా పెద్దమ్మా అని అబిగయీలు నోటిదాకా వచ్చింది. మింగేసింది. గుచ్చించుకున్నది వాళ్లు, అడిగే హక్కు వాళ్లదే. సిగ్గుతో చెవులు మండిపోతుంటే దూది, ప్లాస్టరు అందించి పక్కకు తప్పుకుంది.

ఇప్పుడు ఆ అత్తాకోడళ్లు కిటికీ పక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కోడలి రెండు చేతులకూ మణికట్టు నుంచి సగం చెయ్యి దాకా గాజులు, ఎర్రవీ పచ్చవీ, మొన్ననే సీమంతం చేసినట్టున్నారు, కదిలినప్పుడల్లా గలగలమంటున్నాయి. మోచేతి దగ్గర కష్టమైతే అరచేతి వెనక ప్రయత్నిద్దామని పొద్దున సారు అంటే అత్త ససేమిరా అంది, గాజులు పైకి నెట్టినా ఒకటో రెండో చిట్లుతాయి, పురుడు పోసుకునేదాకా అవి చిట్లకూడదు, తియ్యకూడదు. సారు గొణుక్కున్నాడు గానీ అబిగయీలుకు నవ్వు రాలేదు, విసుగూ రాలేదు. చేతుల విషయంలో పెద్దవాళ్ల పట్టుదల ఎట్లాంటిదో ఆమెకు తెలిసినంతగా ఈ గదిలో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు ఆమె ఎడమ చేతిని జేజి, వాళ్ల నాయనమ్మ, పాత చీర పేలికతో నడుముకు కట్టేసేది. రోజూ, అన్నం తినేంతసేపూ. కుడి చేత్తో కలుపుకున్న ముద్ద నోటికి చేరేలోపే సగం గౌను మీద పడేది, ఏడ్చేది, జేజి కూడా ఏడ్చేది, ఏడుస్తూనే "ఎడం చేత్తో తింటే రేపు నీకు పిల్లనెవరిస్తారే" అనేది. పిల్లని కాదు జేజీ, పిల్లోడిని అని అమ్మ దిద్దేది, అంత ఏడుపులోనూ ముగ్గురికీ నవ్వొచ్చేది. చెడ్డది కాదు జేజి. అన్నం చాలకపోతే తన కంచంలోది పెట్టేది. కట్టు మాత్రం విప్పేది కాదు. బళ్లో అయివారు పలక మీద ఎడమ చెయ్యి కనపడితే స్కేలు తిప్పి కొట్టేవాడు. చర్చిలో మొదటిసారి ప్రభువు బల్లకు వెళ్లిన ఆదివారం మోకాళ్లూని కళ్లు మూసుకుని అరచెయ్యి చాపితే, పాస్టరమ్మ ఆ చేతిని మెత్తగా కిందికి తోసి రెండోదాన్ని పైకెత్తి అందులో రొట్టెముక్క పెట్టింది. కళ్లు తెరిచి చూసుకుంటే అప్పుడు తెలిసింది, చాపింది ఎడమదని. మెత్తగా తోసినందుకే అది ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, రాసే చెయ్యి, తినే చెయ్యి, అన్నీ కుడిదే అయ్యాయి. ఎంత బాగా అయ్యాయంటే హాస్టల్లో ఒకే గదిలో ఉండే పిల్లలకు కూడా తెలియదు. ఎడమ చేతికి మిగిలినవి ఎవరూ చూడని పనులు, దోమను కొట్టడం, జడ బిగించడం, కరెంటు పోయినప్పుడు తలుపు గడియ వెతకడం. మిగతా ప్రపంచమంతా కుడి చేతిది. ఒక్కచోటు తప్ప. వేసవి సెలవుల్లో అమ్మతోపాటు రొయ్యలు వలిచే షెడ్డుకు పోయేది. ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లు పోయేవి, కాళ్ల కింద తడి, ఎటు చూసినా నీచు వాసన, అది రాత్రి తలంటుకున్నా పోయేది కాదు. షెడ్డు మేస్త్రీకి కులం పట్టదు, చెయ్యి పట్టదు, రొయ్య చిరగకుండా రావాలి, వీపు మీది నల్ల గీత తెగకుండా ఊడి రావాలి. మొదటిరోజు కుడి చేత్తో కుస్తీ పట్టి, రెండోరోజు చుట్టూ చూసి, రొయ్యను కుడి చేతిలోకి మార్చి ఎడమ చేతికి పుల్ల ఇచ్చింది. అంతే. గీత మొదలు నుంచి చివరి దాకా ఒక్క ఊపున జారి వచ్చింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. ఎదురుగా కూర్చున్న అమ్మ చూసింది. అమ్మ పేరు పుష్పకుమారి, ఆవిడ చూడనిది ఉండదు. చూసి, అటూ ఇటూ చూసి, "ఈడ ఎవురూ పట్టిచ్చుకోర్లే, కానీయ్" అంది. ఆ వేసవంతా అబిగయీలు ఎంత సంతోషంగా ఉందో ఎవరికీ చెప్పుకోలేదు, రొయ్యలు వలిచే షెడ్డులో సంతోషమేంటని నవ్వుతారు. కాలేజీలో చేరేందుకు బస్సెక్కించేటప్పుడు మాత్రం అమ్మ కిటికీలోంచి తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది, "ఆ చేతి సంగతి ఆడ ఎవురికీ చెప్పబాకు. రోగులంటే శానా పట్టింపులుంటాయి." అమ్మ మాట నిజమే. చేరిన కొత్తలో ఒక కుర్రాడు రబ్బరు చేతి మీద ఎడమ చేత్తో సూది పట్టుకుంటే క్లాసంతా నవ్వింది, మేడం నవ్వలేదు గానీ "పేషెంట్లు ఒప్పుకోవద్దా నాయనా" అంది. వాడు చెయ్యి మార్చుకున్నాడు. అబిగయీలు తన ఎడమ చేతిని తెల్లకోటు జేబులో దాచుకుంది.

గడియారంలో పెద్ద ముల్లు కిందికి దిగుతోంది. లోపలి గదిలో సెంట్రిఫ్యూజ్ మిషను హోరుమని తిరిగి, నెమ్మదించి, ఆగింది. లోపల కూర్చోవడం ఏమంత తక్కువ పని? ఏసీ ఉంటుంది, కుర్చీ ఉంటుంది, ఎవరూ కేకలెయ్యరు, ట్యూబులకు అత్తలుండరు. సారు శిక్ష అనుకుని చెప్పింది చాలామందికి వరమే. పోనీ అట్లాగే కానిస్తే? ఈ ఆవిడకు కూడా సారే తీస్తాడు, చిటికెలో అయిపోతుంది, అందరికీ సుఖం. అబిగయీలు ఆ సుఖాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల కూర్చుని పని నేర్చుకుంటే మిషన్లున్న చోటే బతకాలి, నెల్లూరులోనో తిరుపతిలోనో. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వాళ్ల పాలెంలో మిషను లేదు, రాదు కూడా. అక్కడ కావలసింది సూది పట్టుకోవడం తెలిసిన ఒక మనిషి. పొద్దున్నే రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి, చేపల ఆటోలోనైనా సరే నెల్లూరు పంపితే సాయంత్రానికి రిపోర్టు ఫోన్లో వస్తుంది. ఆ ఒక్క మనిషి లేక పాలెం మొత్తం పరగడుపున బస్సెక్కుతుంది. జేజిని షుగరు పరీక్షకు తీసుకొచ్చిన రోజు బస్సు పెన్న వంతెన దాకా వచ్చి ఆగిపోయింది, ఏదో లారీ అడ్డం పడిందట, ఎండ ఎక్కుతోంది, పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తాగని జేజి నెమ్మదిగా అబిగయీలు భుజం మీదికి ఒరిగింది. నిద్ర అనుకుంది. చెమట చూసి కాదని తెలుసుకుంది. ఎవరో బెల్లం జీడి ముక్క ఇచ్చారు, ఎవరో నీళ్లు ఇచ్చారు, కళ్లు తెరిచింది. "తినేసినా గదే, ఇప్పుడు రగతం తియ్యరేమో" అని జేజి భయపడిపోయింది, తప్పు చేసిన చిన్నపిల్లలాగా. అప్పుడే అనుకుంది అబిగయీలు, ఈ చదువే చదవాలని, చదివి పాలేనికే వచ్చెయ్యాలని. ఉద్యోగం గురించి ఎవరడిగినా పెద్దాసుపత్రి అని చెబుతుంది, లోపల మాత్రం చర్చి పక్కన రేకుల గది, ఒక కుర్చీ, ఒక బల్ల, అంతే. ఆ గదిలో తప్పితే మూడోసారి తియ్యడానికి సుశీల్ కుమార్ సారు ఉండడు. ఉండేది తనొక్కతే.

"పిల్లా" అని సాయిలక్ష్మి పిలిచింది. వెళ్తే, "తిప్పతా ఉండాది కడుపులో. వాంతి వస్తే?" అంది. రాకూడదక్కా, వస్తే మళ్లీ మొదట్నుంచి అని చెప్పలేక చెప్పింది అబిగయీలు, నిమ్మకాయ ముక్క తెచ్చి వాసన చూడమంది, ఫ్యాను కిందికి కుర్చీ జరిపింది. సాయిలక్ష్మి నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "మళ్లీ ఇంకో రోజు నావల్ల కాదమ్మో. దీనికే రాత్రి నిద్ర లేదు. షుగరుందని చెప్తే బిడ్డకేమన్నా అవుద్దేమోనని" అంది. ఏం కాదక్కా, ముందే తెలిస్తే డాక్టరమ్మ చూసుకుంటుంది, అందుకే గదా ఈ పరీక్ష అని అబిగయీలు చెప్పింది, చెబుతుంటే తన గొంతు తనకే పెద్దదాని గొంతులా వినిపించింది. అత్త ఇటు చూడలేదు. కోడలి వీపు రాస్తోంది, గుండ్రంగా, ఆపకుండా. పొద్దున తన మీద కేకలేసిన నోటికీ ఇప్పుడు వీపు రాస్తున్న చేతికీ కారణం ఒకటే అని అబిగయీలుకు అర్థమైంది. ఆవిడ మీద కోపం పోయింది. కోపం పోయాక భయం ఎక్కువైంది. ఈసారి సూది తప్పకూడదు, తన కోసమనే కాదు, ఇంకోసారి ఆ తీపి తాగడం ఈమె వల్ల కాదు. మరి తప్పకుండా ఉండే చెయ్యి ఏదో తనకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఒక మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో అందరూ అన్నాలకు పోయినప్పుడు, తలుపు వైపు ఒక కన్ను వేసి, రబ్బరు చేతి మీద ఎడమ చేత్తో గుచ్చి చూసింది. సూది దానంతటదే ఇల్లు చేరినట్టు వెళ్లింది. ఎంత సులువుగా వెళ్లిందంటే భయమేసి, లాగేసి, తుడిచేసి, చేతులు కడుక్కుని అన్నానికి పోయింది. అన్నం కుడి చేత్తోనే తింది.

దొంగతనమా ఇది? ఎవరి సొత్తు దొంగిలించింది? చెయ్యి తనది, తనతో పుట్టింది, నరం తెలిసిన వేలు ఆ చేతిదే. దాన్ని జేబులో పెట్టుకుని, కష్టపడి నేర్పించుకున్న ఇంకో చేతిని మనుషుల మీదికి పంపుతోంది, వాళ్లకు నొప్పి, తనకు సిగ్గు. రోగుల పట్టింపులకు భయపడి రోగులనే పొడుస్తోంది రెండేసి సార్లు. ఇదెక్కడి మర్యాద? ఈ మాట అనుకోగానే అబిగయీలుకు నిజంగా ఒళ్లు మండింది, జేజి మీద కాదు, అయివారి మీద కాదు, ఇన్నేళ్లూ నోరు మూసుకున్న తన మీద. ఒప్పుకోకపోతే ఒప్పుకోరు. తిడితే తిడతారు. పొద్దున తిట్టించుకోనే తిట్టించుకుంది, కుడి చేత్తో చేసి కూడా. గడియారం చూసింది. ఇంకా టైముంది. లేచి నేరుగా సారు దగ్గరికి వెళ్లింది. ఆయన లోపల మైక్రోస్కోపు ముందు వంగి ఉన్నాడు. "సార్, నాది ఎడం చేతి వాటం" అంది. పుట్టి బుద్ధెరిగాక ఈ మాట నోటితో అనడం ఇదే మొదలు, అంత చిన్న మాట అయిపోవడానికి అరక్షణం పట్టలేదు. ఆయన తలెత్తాడు. ఆమె కుడి చెయ్యి చూశాడు, ఎడమ చెయ్యి చూశాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా?"

"భయపడినా సార్."

"మనిషికి ఎప్పుడన్నా తీసినావా ఆ చేత్తో?"

"లేదు సార్. రబ్బరు చేతికి, ఒకసారి."

సారు కుర్చీ వెనక్కి తోసి, చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. నీలం నరం ఒకటి పైకే కనిపిస్తోంది. అబిగయీలు చూపు దాని మీద పడగానే "అది కాదు, అది మా ఇంటి పిల్లి కూడా గుచ్చుద్ది. ఇదో, ఈ బయట వైపుది. కనపడదు. ఎతుక్కో" అన్నాడు. ఎడమ వేలితో వెతికింది, దొరికింది, ఆ చోటుకు కింద కుడి బొటనవేలితో చర్మం లాగి పట్టింది, స్పిరిటు ఆరేదాకా ఆగింది, ఎడమ చేత్తో సూది అందుకుంది. వేలు చెప్పాల్సిన పని లేకుండా పోయింది, చెప్పేదీ వినేదీ ఒకే చెయ్యి. సిరంజి మొదట్లో ఎర్రటి చుక్క మెరిసింది. సారు దాన్నే చూస్తూ "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత దూది నొక్కి పట్టుకుని, "సూదుల డబ్బా కూడా ఆ పక్కకే మార్చుకో, వాడిన సూది పేషెంటు చేతి మీదుగా దాటించబాకు. ఇంకోటి. దాచిపెట్టి తియ్యొద్దు, ముందు చెప్పి తియ్యి. ఒప్పుకోకపోతే నన్ను పిలువు" అన్నాడు. సరే అంది.

రక్తం తీసే గదిలో ట్రే ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఉంటుందంతే. అబిగయీలు దాన్ని రెండు చేతులతో ఎత్తి ఎడమ పక్కకు జరిపింది. దూది, స్పిరిటు, రబ్బరు పట్టీ, బూడిదరంగు మూత ట్యూబు, సూదులు పడేసే డబ్బా, ఒక్కొక్కటీ ఈ పక్కకు వచ్చి కూర్చున్నాయి. కుర్చీలో కూర్చుని చూసుకుంటే బల్ల కొత్తగా ఉంది, తనకోసం ఎవరో సర్దినట్టుంది. ముల్లు గంటకు దగ్గరపడింది. "అక్కా, రండి" అంది. సాయిలక్ష్మి వచ్చి కూర్చుంది, గాజుల చెయ్యి చాపింది, పొద్దున సారు తీసిన ఎడమ చెయ్యి. అత్త పక్కనే నిలబడింది, పోలీసులాగా. అబిగయీలు గ్లోవులు వేసుకుని, ఇద్దరి ముఖాలూ చూసి, "నాది ఎడం చేతి వాటం అక్కా. పొద్దున కుడి చేత్తో తీసినా, అందుకే తప్పింది. ఇప్పుడు ఈ చేత్తో తీస్తా. మీరు వద్దంటే సారుని పిలుస్తా" అంది. మాట తడబడలేదు.

"ఎడం చేత్తోనా?" అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "నిండు మనిషిని పట్టుకోని ఎడం చేత్తో పొడుస్తావా? సీమంతం గాజులు కూడా ఇంకా పాతబడలేదు, ఇదేం అపశకునం! వద్దమ్మా వద్దు, ఆ సారుని పిలు."

అబిగయీలు లేవబోయింది. లేవాల్సిందే, చెప్పి తియ్యమన్నాక వద్దంటే ఊరుకోవాలి. ఇంతదాకా వచ్చి ఇట్లా అయిందే అనుకుంది. అయినా ట్రే మళ్లీ కుడి పక్కకు మార్చేది లేదు, అది మాత్రం నిశ్చయమైపోయింది, ఈ ఆవిడ కాకపోతే తర్వాతి ఆయన, ఆయన కాకపోతే ఆ తర్వాతి ఆవిడ, రోజంతా వద్దన్నా సరే రేపు ఇదే అడుగుతుంది. సాయిలక్ష్మి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముఖం పాలిపోయి ఉంది, నిమ్మకాయ ముక్క ఇంకా పిడికిట్లోనే ఉంది.

"కుడి చేతి ముచ్చట పొద్దున తీరింది గదత్తా" అంది. "రెండు పోట్లు పొడిచిందీ కుడి చేత్తోనే. నువ్వు తియ్యి పిల్లా, నాకు వాంతి వచ్చేట్టుండాది."

అత్త తల అటు తిప్పేసుకుంది. పట్టీ కట్టింది అబిగయీలు. గది చప్పుళ్లు వినపడుతూనే ఉన్నాయి, ఫ్యాను, బయట టోకెన్ నంబర్లు పిలిచే గొంతు, ఎవరిదో ఫోను. వేలు పెట్టి ఊరుకుంది. పొద్దున తీసిన గుర్తుకు కాస్త పక్కగా, లోతుగా, ఉంది. తొందరపడలేదు. పొద్దున తొందరపడింది, ఎదుటివాళ్లు చూస్తున్నారని. ఇప్పుడూ చూస్తున్నారు, చూడనీ. చర్మం లాగి పట్టింది, సూది నోరు పైకి తిప్పింది, "చిన్న నొప్పి అక్కా" అంది, దించింది. చుక్క వచ్చింది. చుక్క వెనక ధార వచ్చింది, సిరంజిలోకి సాఫీగా, తొందర లేకుండా. పట్టీ వదిలి, సూది లాగి, దూది నొక్కి, ట్యూబులోకి దించి, అటూ ఇటూ మెల్లగా తిప్పి కలిపింది, పేరు రాసిన కాగితం అంటించి టైము వేసింది. ఎడమ చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఏడుపొచ్చింది, ఇప్పుడు కాదులే అనుకుని మింగేసింది. అత్త వంగి కోడలి మోచెయ్యి చూసింది, వాపు ఉందేమోనని దూది ఎత్తి మళ్లీ చూసింది. "నొప్పా?" "తెలీనే లేదత్తా." అత్త హుఁ అని, కోడలిని లేపుకుని, ఫ్యాను కింది కుర్చీకి నడిపించుకుపోయింది. ఒక మెచ్చుకోలు మాట లేదు, ఒక తిట్టూ లేదు. గుమ్మంలో నిలబడి అంతా చూసిన సారు "ట్రే ఆడే ఉండనీ" అని లోపలికి పోయాడు.

ఆ తర్వాతి గంట ఎట్లా గడిచిందో అబిగయీలుకు తెలియదు. పద్మనాభయ్య గారని ఒక పెద్దాయన వచ్చాడు, ఎడం చేతి సంగతి చెబితే "ఏ చేత్తో అయితే నాకేంది, టిఫిను తినాల, తొందరగా కానీ" అన్నాడు. ఒకావిడ వద్దంది, సారు తీశాడు. ఇంకొకరు అనుమానంగా చూసి సరేనన్నారు. జనం పెరిగారు, సారు రెండో కుర్చీలో కూర్చున్నాడు. సాయిలక్ష్మి రెండో గంట పూర్తయ్యేసరికి అబిగయీలు ఒక జ్వరం పిల్లాడి చేతికి దూది అంటిస్తోంది. సారు ఖాళీగా ఉన్నాడు, ఎదురుగా కుర్చీ చూపించి "రండమ్మా, టైమైంది" అన్నాడు. అత్త కదల్లేదు. కోడలి చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి, "నువ్వొద్దులే నాయనా" అంది. అని, గది ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేట్టు, "ఏం మే, ఎడం చేతి పిల్లా, యాడుండావు? మా కోడలికి టైమయింది, రా" అని కేకేసింది. గదిలో ఉన్న వాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఏ మాట ఎవరి చెవినా పడకూడదని ఇన్నేళ్లు దాచుకుందో ఆ మాట అంత పెద్ద గొంతుతో అందరి ముందూ వినపడితే అబిగయీలు తల దించుకోలేదు. పిల్లాడి చేతికి ప్లాస్టరు వేసి, పాత గ్లోవులు తీసేసి, కొత్తవి తొడుక్కుంటూ "వస్తుండా పెద్దమ్మా" అంది.